బకెట్లో తల పెట్టే ముందు

ఏమండీ,

ఇవాళ డిపోలోంచి మొదట బయల్దేరే బస్సు నాదే. హాయిగా నిద్రపోతున్నారని లేపలేదు. టిఫిన్ మూతపెట్టి ఉంచాను, తినండి.

కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉండగా గుండె మళ్ళీ గుర్రంలా పరుగందుకుంటే కంగారు పడకండి. డాక్టరుగారు చెప్పినట్టే చల్లటి నీళ్ళలో మొహం ముంచండి. కానీ ముందు పక్కింటి వదినకి ఒక్క మాట చెప్పి ముంచండి. నిన్న కిటికీలోంచి చూసి, "అయ్యో, అన్నయ్య బకెట్లో మునిగిపోతున్నాడు!" అంటూ వచ్చి మీ కాలరు పట్టి లాగిందా, కాలరు ఊడి ఆవిడ చేతికొచ్చింది. గుండె దారికొచ్చింది గానీ, అది నీళ్ళకో ఆవిడ కేకకో డాక్టరుగారికే అంతుపట్టలేదు.

కళ్ళు తిరిగినా, ఛాతీ నొప్పెట్టినా బకెట్ జోలికి పోకుండా వదినని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. "చూద్దాంలే" అనకండి. మీ చూద్దాంలే సంగతి నాకు తెలుసు.

నిచ్చెనెక్కి రోజంతా రంగులేస్తే ఏమీ కాదు, కుర్చీలో కాళ్ళు చాపితేనే ఈ గుండెదడ వస్తుంది, నిజమే. ఆ వంకతో ఇవాళ బ్రష్షు పట్టుకుని పనికెళ్ళారో, చూడండి మరి!

మర్చిపోయాను. నిన్న ఆసుపత్రిలో నర్సమ్మ రోగిని నేనే అనుకుని ముందు నా నాడి పట్టుకుంది. "అమ్మో, ఇంత వేగమా! పడుకోండి" అని నన్నే మంచమెక్కించబోయింది. మిమ్మల్ని చూపించి, "నా గుండె అక్కడ కూర్చుంది, దాన్ని చూడండి" అన్నాను. నవ్వకండి.