కొత్త వార్డులో వెలుగు

కమలా,

రాయపూర్ రాత్రి కాలేజీలో హిందీలోనే చదివినవాడిని. నా తెలుగులోని లోపాలను మన్నించు.

కట్టబోయే ఆసుపత్రి వార్డు బొమ్మను ఈ రోజు మా ఆఫీసులో కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆసుపత్రి వాళ్లకు చూపించాము. వెలుగు దేనికి తగిలి ఎటు మళ్లుతుందో లెక్కగట్టే పాత్ ట్రేసింగ్‌ను అందులో నేనే చేర్చాను. మౌస్ కదిలిన ప్రతిసారీ లెక్క మొదటికొచ్చి, బొమ్మంతా చుక్కలవుతుంది. ఆసుపత్రి మేనేజరు కదుపుతూనే ఉన్నారు.

“అరే భాయ్, దీని మీద ఇసుక పోశారా? పాత బొమ్మే పెట్టండి.”

“చెయ్యి తీయండి సార్. ఒక్క నిమిషం.”

గదిలో అందరూ నన్నే చూశారు. చుక్కలు నెమ్మదిగా తగ్గాయి. కిటికీలోంచి వచ్చిన ఎండ నున్నటి నేలను తాకి, పైకి మళ్లి, సరిగ్గా రోగి తలగడ మీద నిలిచింది. పాత పద్ధతిలో అది కనిపించేదే కాదు.

“మంచాలు తిప్పించండి” అన్నారాయన చివరకు.

ఈ ఉత్తరాన్ని మీ అక్క చదవాలి. నీ చివరి రోజుల్లో ఆమె ఆసుపత్రికి నిన్ను చూడటానికి వచ్చినప్పుడు నువ్వు ముఖం మీదికి కొంగు లాక్కున్నది కోపంతో కాదని, తలగడ మీద పడిన ఇలాంటి ఎండకేనని ఆమెకు తెలియాలి.