ఒకే కొలిమి ఉలులు

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున నంద్యాల కోర్టులో సాక్ష్యం చెప్పి, ఆళ్లగడ్డ ఇంటికి వచ్చాను. ఒక గుడిలో విగ్రహాన్ని పెకలించి ఎత్తుకుపోయిన కేసు అది. పీఠం మీది గీతలు మన ఊరి శిల్పి ఒకతని ఉలితో సరిపోయాయని పోలీసులు అతన్ని పట్టుకున్నారు. వేరే ఉలి కూడా అలాంటి గీతలు పెట్టే అవకాశం ఎంతో లెక్కగట్టడం ఫోరెన్సిక్ ల్యాబులో నా పని.

మొదట ఎక్కడెక్కడి ఉలులతోనో పోల్చి, ఆ అవకాశం చాలా తక్కువని రాసేశాను. సంతకం పెట్టబోతుంటే నీ మాట గుర్తొచ్చింది. "మన ఊరి ఉలులన్నీ ఒక్క కొలిమిలోనే పదునెక్కుతాండాయి పాపా. అన్నీ అక్కచెల్లెళ్లే." ఆ కొలిమి ఉలులు తెప్పించి చూస్తే చాలావాటి గీతలు అలాగే ఉన్నాయి. కోర్టులో అదే చెప్పాను.

బయట ఆ శిల్పి తల్లి నా చేయి పట్టుకుంది. "మావోడు చేయలేదని చెప్పినావు తల్లీ."

"అట్ల చెప్పలేదవ్వా. ఈ గీతలను బట్టి చేసినాడని చెప్పలేమంటి, అంతే."

ఆమె చేయి వదల్లేదు.

నువ్వు సగం చెక్కి వదిలిన నంది పెరట్లోనే ఉంది. దాని మూపురం మీద చేయి పెట్టి చూశాను. అవీ ఆ కొలిమిలో పదునెక్కిన ఉలి గీతలే. కోర్టు అడిగితే అవి నీవని ఖాయంగా చెప్పలేను నాయనా. అయినా చేయి తీయబుద్ధి కాలేదు.