మీ నాన్న మళ్లీ చిక్కం అల్లారు

ముసునూరు,
ఏప్రిల్ 28.

చిరంజీవి సురేష్‌కి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ మీ నాన్నా నేనూ బాగున్నాం. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట రాయకపోతే నువ్వు కంగారు పడతావని రాసేదాన్ని. ఈసారి నిజంగానే బాగుండి రాస్తున్నాను. ఆ మంచుకొండల మీద నువ్వూ, నీతో కాపలాలో ఉన్న పిల్లలూ క్షేమమని తలుస్తాను. పెదాలు పగులుతున్నాయని రాశావు కదా, కొబ్బరినూనె పంపిస్తున్నాను. గడ్డకట్టినా పరవాలేదు, అరచేతిలో పెట్టుకుంటే కరుగుతుంది.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. నీకు సిగ్నల్ దొరికేది వారానికి రెండు నిమిషాలు. పైగా నేను మాట్లాడుతుంటే మీ నాన్న పక్కనే కూర్చుని వింటారు. ఆయన ముందే ఆయన గురించి, ఆయన అక్కడ లేనట్టు మాట్లాడకూడదని ఈమధ్యే నేర్చుకున్నాను. అందుకే అంగన్‌వాడీ సెంటర్లో పిల్లలంతా ఇళ్లకు వెళ్లాక హాజరు పట్టీ పక్కన పెట్టి కూర్చున్నాను. రాయాల్సింది ఎంతో ఉంది. చేతికన్నా మనసు ముందు పరిగెడుతోంది, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

నాన్న అన్నం తింటున్నారా అని అడిగావు. తింటున్నారు రా. రెండోసారి వడ్డించుకుంటున్నారు. మార్చిలో నాలుగు ముద్దలకే లేచిపోయేవారు. నోటికి రుచి పోయిందని, జబ్బు ముదిరిందని ఏడ్చాను. హారిక అనే అమ్మాయి వచ్చి కాసేపు చూసి, "ఆంటీ, అన్నం తెల్లగా ఉంది, స్టీలు కంచం మెరుస్తోంది. ట్యూబులైటు కింద రెండూ ఒకటే మెరుపు. బాబాయ్ గారికి అన్నం ఎక్కడుందో కనపడట్లేదేమో. అరిటాకులో పెట్టి చూద్దామా?" అంది. పచ్చటి ఆకు మీద తెల్లటి అన్నం, పక్కన ఎర్రగా పచ్చడి. ఆకు ఖాళీ చేసి, "ఇంకొంచెం వెయ్యండి" అన్నారు. గరిటె నిండా తీసి వడ్డించాను. ఇన్నాళ్లూ మనిషికి ఆకలి లేదనుకున్నాను. ఆయనకి అన్నమే కనపడలేదు.

ఈ హారిక ఎవరంటావా. జి. కొండూరు పిల్ల. విజయవాడ ఆస్పత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్ట్. ఆ పేరు పలకడం నాకు రెండు రోజులు పట్టింది. మంగళవారం మంగళవారం స్కూటీ మీద మన వైపు ఇళ్లకు వస్తుంది. మొదటిరోజు, "ఏం మందులిస్తావమ్మా?" అని అడిగాను.

"మందులు డాక్టర్ గారు చూసుకుంటారు ఆంటీ. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా బాబాయ్ గారు చేసుకునే పనులు ఉంటాయి కదా, స్నానం, చొక్కా, భోజనం, కాలక్షేపం, వాటి సంగతి నాది."

"నయమవుతుందా మరి?"

"ఈ డిమెన్షియా వెనక్కి పోదు ఆంటీ, మీకు అబద్ధం చెప్పను. ఆయనకి ఇంకా చేతనైంది చాలా ఉంది. అది జారిపోకుండా చూద్దాం."

ఆ రోజు ఆమె జ్ఞాపకశక్తి పరీక్షలేవీ పెట్టలేదు. మీ నాన్న చొక్కా తొడుక్కుంటుంటే చూస్తానంది. నేను అలవాటుగా వెళ్లి గుండీలు పెట్టబోయాను. నాకు సెంటర్ టైమవుతుంటే రోజూ నేనే పెట్టేస్తాను కదా. "ఆగండి ఆంటీ" అని నా చెయ్యి పట్టుకుంది. చొక్కాని మంచం మీద పరిచి, ఒక చేయి మాత్రం తొడిగి వదిలేసింది. మిగతాది ఆయన చేసుకున్నారు. పది నిమిషాలు పైనే పట్టింది. ఒక గుండీ పక్క కాజాలోకి వెళ్లింది. అయినా చొక్కా కిందికి లాక్కుని, జేబు తడుముకుని, బయటికెళ్లే మగాడిలా గడప దగ్గర నిలబడ్డారు. ఏడాదిగా ఆయనలో ఆ నిలబడటం చూడలేదు సురేష్.

ఇంకా చాలా మార్పించింది. బాత్రూమ్ తలుపూ గోడా ఒకే సున్నం రంగులో ఉన్నాయని తలుపుకి ఎర్ర రంగు వేయించింది. ఇప్పుడు అడక్కుండానే వెళ్తున్నారు. "స్నానం చేసి బట్టలేసుకుని టిఫిన్‌కి రండి" అని ఒక్క ఊపులో చెప్పొద్దంది. ఒక మాట చెప్పి, ఆగాలి. ఆ ఆగడమే నాకు చేతకాలేదు. పాతికేళ్లుగా ముప్పై మంది పసిపిల్లల్ని గదమాయించిన నోరు కదా.

పసిపిల్లల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. నువ్వు నవ్వినా సరే. ఈ జబ్బు వచ్చాక మనిషి పిల్లాడైపోతాడని ఎవరో అంటే నమ్మి, సెంటర్ నుంచి రంగురంగుల చెక్కముక్కలు తెచ్చి ఆయన ముందు పోశాను. మీ నాన్న ఎదురు చెప్పకుండా వాటిని అటూ ఇటూ జరుపుతూ కూర్చునేవారు. నేను పని చేసుకుంటూ, పోనీలే ఊరుకున్నారు అనుకునేదాన్ని. హారిక అవి చూసింది. తిట్టలేదు.

"బాబాయ్ గారి చేతులు ఎప్పుడైనా సరిగ్గా చూశారా ఆంటీ? ఆ కాయలు చూడండి వేళ్ల మీద. అవి ఆటలాడుకున్న చేతులు కావు. ఆయనకి పని కావాలి. ఏం చేసేవారు?"

ఏం చేసేవారో చెప్పడం మొదలుపెడితే నాకే ఆశ్చర్యమేసింది. అప్పారావు మేస్త్రి కోత ముఠా అంటే ముసునూరు నుంచి మైలవరం దాకా మామిడి తోటలవాళ్లు ఎదురుచూసేవాళ్లని, దశరథరామయ్య గారి తోట ముప్పై ఏళ్లు ఆయనే కోయించారని, ముఠాలో కాయ కోసే గెడలన్నిటికీ చిక్కాలు ఆయనే అల్లేవారని చెప్పాను. "చిక్కం అంటే, గెడ చివర రింగుకి కడతారు, కాయ పడే వల సంచీ, అదేనా?" అంది. అదే అన్నాను. ఆ పిల్ల కళ్లు మెరిశాయి.

వెంటనే నూజివీడు బజారుకెళ్లి నీలం నైలాన్ తాడు కొనుక్కొచ్చాం. మీ నాన్న చేతిలో పెట్టాం. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు. వేళ్లు జారిపోయాయి. ముడి పడలేదు. రెండోసారి చూశారు, మూడోసారి చూశారు, ఉన్నట్టుండి విసిరికొట్టి, "నాకు రాదండీ, వదిలెయ్యండి" అని గోడ వైపు తిరిగిపోయారు. నాకు ప్రాణం చివుక్కుమంది. ఇక వద్దమ్మా అన్నాను. హారిక మాత్రం, "ఆయన వాడిన తాడు ఇదేనా ఆంటీ?" అని అడిగింది.

అప్పుడు తట్టింది నాకు. ఆయన ఏనాడూ నైలాన్ ముట్టుకోలేదు. పురికొసతో అల్లేవారు, నీళ్లలో తడిపి మరీ. వల కన్నుల కొలతకి ఒక వెదురు బద్ద ఉండేది. ఇల్లంతా వెతికితే అటక మీద పాత గోనెసంచిలో బద్ద దొరికింది. చేతులు పడి పడి నున్నగా అయిపోయింది. పురికొస ఉండ తడిపి, బద్దతో పాటు ఆయన పక్కన పెట్టి, ఏమీ చెప్పకుండా ఇద్దరం అవతలికి వెళ్లి బియ్యం ఏరుతున్నట్టు కూర్చున్నాం. కాసేపటికి ఆయన కొస వాసన చూశారు. బద్దకి ఒక చుట్టు చుట్టారు. కాలి బొటనవేలికి తగిలించి లాగారు. ముడి. మరో ముడి. ఒక వరస దిగాక చేతులు వాటంతటవే పోతున్నాయి, ఆయన వీధి వైపు చూస్తున్నారు. హారిక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంత చదివిన పిల్ల, కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

ఇప్పుడు నువ్వడిగిన రెండో మాట. ఫోటోలో నాన్న కుడిచేతికి ఆ మచ్చ ఏంటని అడిగావు. పంపు దగ్గర జారి పడ్డారని నీకు ఫోన్లో చెప్పాను. అది అబద్ధం సురేష్.

ఫిబ్రవరిలో ఆయన రెండుసార్లు దారి తప్పారు. ఒకసారి బస్టాండ్ దగ్గర దొరికారు. నేను సెంటర్‌కి వెళ్తే ఆయన్ని చూడటానికి ఇంట్లో ఎవరూ ఉండరు. ఏం చెయ్యాలో తోచక బయట గొళ్లెం పెట్టి తాళం వేసి వెళ్లడం మొదలుపెట్టాను. ఇరవై రోజులు అలా చేశాను. ఎవరైనా అడిగితే, పడుకున్నారని చెప్పేదాన్ని. ఒకరోజు సాయంత్రం తలుపు తీసేసరికి ఆయన గడప దగ్గర కూర్చుని ఉన్నారు. తలుపు కింద రేకు పీకబోయి చెయ్యి కోసుకున్నారు. తువ్వాలు చుట్టుకున్నారు, అదంతా తడిసిపోయింది. నన్ను చూసి లేచి నిలబడి, "ఎవరో తలుపేసుకుపోయారండీ. మా ఇంటావిడకి కాస్త చెప్తారా? టీచరండీ, సెంటర్లో ఉంటది. చెప్తే వచ్చేస్తది" అన్నారు.

చెప్తానండీ అని, ఆ తువ్వాలు విప్పాను.

ఆ చెయ్యి కుట్టించడానికి తీసుకెళితేనే నూజివీడులో డాక్టర్ గారు అడిగారు, ఎలా తెగిందని. ఆయనకి నిజమే చెప్పాను. ఆయన కోప్పడకుండా విజయవాడకి చీటీ రాసిచ్చారు. హారిక అలా వచ్చింది. తాళం సంగతి ఆ పిల్లకీ చెప్పాను. "చాలా ఇళ్లలో జరుగుతుంది ఆంటీ, ఎవరూ చెప్పరు. చెప్పారు కాబట్టి దారి వెతుకుదాం" అంది. ఇప్పుడు నీకు చెప్పాను. కోపం వస్తే రానీ, నీకు ఆ హక్కు ఉంది. ఆ గొళ్లెం మాత్రం పీకించేశాను.

ఇక అసలు వార్త. రెండు వారాల కిందటి శనివారం హారిక తన సెలవు రోజు మానుకుని వచ్చింది. ముగ్గురం దశరథరామయ్య గారి తోటకి వెళ్లాం. ఇప్పుడు ముఠాని నడిపేది వెంకట్, మీ నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడే. చిన్నరసాల చెట్టు కింద పట్టా వేసి ఆయన్ని కూర్చోబెట్టాడు. బజారులో కొన్న చిక్కం ఒకటి అక్కడ పడుంది. మీ నాన్న దాన్ని తీసుకుని కన్నులోంచి రెండు వేళ్లు దూర్చారు.

"ఏంట్రా ఇది? కన్ను పెద్దదైంది. కాయ జారిపోద్ది."

"మరెలా మేస్త్రీ?" అన్నాడు వెంకట్.

"ఇటు తే."

అంతే. మధ్యాహ్నంలోపు రెండు కొత్తవి అల్లారు, చిరిగింది ఒకటి బాగుచేశారు. మధ్యలో ఒకతను కాయని తొడిమ ఊడేలా లాగితే అక్కడి నుంచే కేకేశారు, "తొడిమ వదిలి కొయ్యి. సొన కారితే కాయ నల్లబడుద్ది" అని. ఇదంతా ఆయన మనసు నొప్పించకూడదని వెంకట్ చేస్తున్నాడేమోనని నాకు అనుమానం. అంతలో దశరథరామయ్య గారు వచ్చి, "అప్పారావూ, ఇలాంటివి ఇంకో నాలుగు కావాలయ్యా, కలెక్టరు రకం కాయలకి కాస్త పెద్దవి" అన్నారు. మీ నాన్న తల కూడా ఎత్తకుండా, "చూద్దాం లెండి" అని, నా వైపు చెయ్యి చాచి, "ఏమే, మంచినీళ్లు తే" అన్నారు.

ఏడాదిగా నన్ను అండీ అంటున్న మనిషి. సీసా మూత తీసి చేతికిచ్చి, ఆయన పక్కనే కూర్చున్నాను.

అంతా పూలబాట అని రాయను. మధ్యాహ్నం తర్వాత అలసిపోయి, వీళ్లంతా ఎవరు, ఇంటికి పోదాం అని భయపడ్డారు. వెంటనే తీసుకొచ్చేశాను. మళ్లీ నన్ను అండీ అన్నారు. పొద్దుటిపూటే పని, మధ్యాహ్నానికి ఇల్లు అని హారిక లెక్క చెప్పింది. వారంలో మూడు రోజులు వెంకట్ ఆటోలో తీసుకెళ్లి దింపుతున్నాడు. మిగతా రోజులు నాతో వచ్చి సెంటర్ వరండాలో కూర్చుని అల్లుకుంటారు. సూపర్‌వైజర్ మేడం వచ్చి చూసి, ఒక కుర్చీ వేయించి వెళ్లారు. నువ్వేమో ఉద్యోగం మానేసి నాన్న దగ్గర ఉండమ్మా అని రాశావు. నేనూ రాజీనామా కాగితం రాసి దిండు కింద పెట్టుకున్నాను. తోట నుంచి వచ్చిన మర్నాడు దాన్ని చింపేశాను.

నిన్న సాయంత్రం ఆయన అరుగు మీద ఒక చిక్కం ముగించారు. చూస్తే చాలా చిన్నది, నా రెండు గుప్పిళ్లంత. కొలత తప్పారేమో అనుకున్నాను. దిద్దబోయి ఆగాను. హారిక నేర్పింది, దిద్దకుండా అడగమని.

"ఇది ఎవరికండీ?"

"సురేష్‌గాడికి. బడి నుంచి ఇంకా రాలేదా? పెద్ద గెడ వాడు మొయ్యలేడు. చిన్నదైతే కింది కొమ్మకి అందుద్ది."

ఇదివరకైతే, వాడు మిలటరీలో ఉన్నాడు, ఎన్నిసార్లు చెప్పాలి అనేదాన్ని. ఆయన బిక్కమొహం వేసేవారు. నిన్న ఆయన పక్కన కూర్చుని, "వాడికి బాగా నచ్చుతుంది" అన్నాను. "ముడి గట్టిగా వేశా, చాన్నాళ్లు వస్తది" అన్నారు.

ఈ ఉత్తరంతో పాటు దాన్ని పంపిస్తున్నాను. నువ్వుండే చోట గడ్డి కూడా మొలవదని నాకు తెలుసు. అయినా అది నీది. ఫోన్ కలిసినప్పుడు ఎక్కడున్నావో చెప్పకు. కాయలు కోశావా అని అడుగుతారు. కోశాను నాన్నా అను. ఏ చెట్టువి అంటే చిన్నరసాలని చెప్పు, మిగతావాటిని ఆయన కాయలకింద లెక్కవేయరు.

ఇట్లు,
నీ మేలు కోరి, మీ నాన్న పక్కన కుదురుగా కూర్చోవడం నేర్చుకుంటున్న
అమ్మ