చాప మీది ప్రసంగం

నాచారం, ఆగస్టు 1987. శుక్రవారం రాత్రి.

నేను పాఠాలు చెప్పే బైబిల్ కాలేజీలో, సొంత గూడేనికి పాస్టరుగా వెళ్లాల్సిన మా కోయ విద్యార్థి సోమయ్య ఈరోజు ప్రసంగ పరీక్షలో చాప మీద కూర్చుని వాక్యం చెప్పాడు. ప్రిన్సిపాల్ మండిపడ్డాడు.

"పిట్టకథలు చెప్తున్నావా? లేచి నిలబడు. లేకపోతే ఫెయిల్."

"మా గూడెంల పెద్దలు కూసున్నంక నిలబడి మాట్లాడితే కొట్లాటకు వచ్చిండనుకుంటరు, అయ్యగారూ."

ఈ ప్రిన్సిపాల్ పెద్దమనిషి చదివిన పుస్తకాలన్నీ నేను అరువిచ్చినవే. ఒక్కటీ ఒంటబట్టలేదు.

"పరీక్ష గూడెంలోనే పెట్టండి. మీరూ నేనూ కింద కూర్చుని విందాం" అన్నాను. అందరి ముందూ కాదనలేక ఒప్పుకున్నాడు.

సోమయ్య గెలుస్తాడు, సందేహం లేదు. ఆ పొట్టతో ప్రిన్సిపాల్ చాప మీద ఎలా కూర్చుంటాడో కళ్లారా చూస్తాను.

నా మోకాళ్లు వంగి ఏళ్లయింది. అయినా అతనికంటే ముందే కూర్చుంటాను. లేవడం సంగతి సోమయ్య చూసుకుంటాడు.