నువ్వు గీసిన గీత దగ్గరే మైకు కూత పెట్టింది

తమ్ముడూ దావీదూ,

నువ్వు పోయి రెండు నెలలు దాటింది. మేమంతా ఉన్నాం. అమ్మ కూడా.

యూనియన్ సైన్యం రావడానికి ముందు వారం, చర్చి మైకు సెట్టుకు బ్యాటరీ తెస్తానని చిలకలగూడ వెళ్లావు. దారిలో తూటా తగిలిందన్నారు. ఎవరు కాల్చారో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. బ్యాటరీ కోసం వెళ్లినవాడికి తూటా ఏమిటి... ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను.

మొన్న ఆదివారం చర్చి మళ్లీ తెరిచారు. సగం బెంచీలు ఖాళీ. గొడవలకు భయపడి బెజవాడ వైపు వెళ్లిన కుటుంబాలు ఇంకా రాలేదు.

వేరే బ్యాటరీ తెచ్చి నీ సెట్టే పెట్టారు. శబ్దం పెంచే నాబు పక్కన నువ్వు మేకుతో గీసిన గీత ఉంది కదా... సంఘ పెద్ద సరిగ్గా అక్కడికే తిప్పాడు. నీ చేతి గుర్తని, వెంట్రుకవాసి అటూఇటూ చేయలేదు.

అయ్యగారు వాక్యం చెప్పడానికి నోరు తెరిచారు. అంతే. స్పీకరు కూత పెట్టింది. సైన్యం వచ్చిన రోజుల్లో మోగిన సైరను లాగే. అందరూ బెంచీల కింద దూరారు. నేనూ దూరాను. నేల మీద ముఖం పెట్టి, ఇది చర్చి కదా, ఇవాళ ఆదివారం కదా అనుకున్నాను.

తల ఎత్తి చూస్తే అమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. చెవులు సరిగా వినబడని అమ్మకు ఆ కూత వినబడింది. నువ్వు కూర్చునే మూలకు తిరిగి నవ్వుతోంది.

నువ్వొచ్చావనుకుందా, తమ్ముడూ? నేను అడగలేదు.

ఎవరో తీగ లాగేశారు. ఇక ఈ సెట్టు వద్దు, గదిలో పెట్టి తాళం వేద్దామన్నారు. మరి అమ్మకు వాక్యం ఎలా వినబడుతుంది...

సెట్టు సరిచూసేటప్పుడల్లా నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టి, వినబడితే కొంగు ఎత్తమనేవాడివి. "గా గీత పండుగ జనానికి, అక్కా. ఖాళీగుంటె అయ్యగారి గొంతే గోడలకు తగిలి తిరిగొచ్చి మైకుల పడి మొత్తుకుంటది. గీతను గాదు, మనుషులను జూసి తిప్పాలె. యాదికుంటదా, నా ఇంజినీరమ్మా?"

సెట్టు ఉండేది మగవాళ్ల వైపు. ఆడవాళ్లం అటు వెళ్లం. వెళ్లాను. ఎవరూ ఆపలేదు.

తీగ మళ్లీ తగిలించి, స్పీకరును మైకు కంటే ముందుకు, జనం వైపు జరిపించాను. నాబు మీద చేయి వేశాక మాత్రం చాలాసేపు తిప్పలేకపోయాను. నువ్వు వదిలిన చోటు అది...

తగ్గించాను, దావీదూ. నీ గీతకు బాగా కిందికి.

అయ్యగారి గొంతు మెత్తగా వచ్చింది. ప్రార్థన చివర అమ్మ ఆమేన్ అంది, అందరికంటే కాస్త ఆలస్యంగా.

సెట్టు గదిలోకి పోలేదు. బెంచీలు నిండేదాకా ప్రతి ఆదివారం నేనే తిప్పుతాను.

నీ అక్క,
రాహేలు