కిటికీ పక్కన తువ్వాలు

1991 జూలై 8, సోమవారం
రేపల్లెలో రైలుబండి ఖాళీగా ఉంటుంది. అందుకే పొద్దున సీటు పట్టడం నా వంతు. పక్కన తువ్వాలు వేస్తా, భట్టిప్రోలులో ప్రసాద్ ఎక్కుతాడు. సాయంత్రం తెనాలిలో అతని వంతు. అతను పనిచేసే వాచీల షాపు స్టేషన్ ఎదురే. నేను టైలర్ షాపులో కాజాలు కుట్టి పరిగెత్తుకొచ్చేసరికి బండి నిండిపోతుంది. ప్రసాద్ ముందే కిటికీలోంచి గళ్ల తువ్వాలు విసిరి ఉంచుతాడు.
ఇవాళ ప్రసాద్ ఎక్కేటప్పుడు చెయ్యి ఇవ్వబోయా. పోలియో కాలు కదా... "చెయ్యి వద్దురా. సీటు ఉంచు, చాలు" అన్నాడు.

జూలై 9
నత్తితో నా మాట ఆగిపోతే మిగతాది అందరూ వాళ్లే చెప్పేస్తారు. ప్రసాద్ చెప్పడు. కిటికీలోంచి చూస్తూ ఆగుతాడు. ఇవాళ ఒక్క మాట అనేలోపు వేమూరు వచ్చేసింది. "పర్లేదులే, తెనాలి దాకా టైముంది" అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం.

జూలై 11, గురువారం
పేకాట బాబాయిలు పిలిచారు. "ఏంటి నత్తిబాబూ, ఓ పాట పాడు" అంటారే రోజూ, వాళ్లే. "రారా, చెయ్యి తక్కువైంది, ఆడుదువుగాని." వాళ్ల మనిషికి ఒక సీటు కూడా కావాలంట. "ఆ తువ్వాలు తియ్ అబ్బాయ్."
తీశా.
భట్టిప్రోలు. ప్రసాద్ ఎక్కాడు. సీటు వంక చూశాడు. తర్వాత నా చేతిలో ముక్కల వంక.
"కుంటి మాస్టారొచ్చారు, జరగండి జరగండి!" అన్నాడో బాబాయి.
ఎవరూ జరగలేదు. అందరూ నవ్వారు.
నేనూ నవ్వా.
తెనాలి దాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రం. అదే పెట్టె, అదే కిటికీ. గళ్ల తువ్వాలు ఉంది. ప్రసాద్ లేడు. పక్కన ఒక మామ్మ — "చొక్కాకి సూది గుచ్చుకునే అబ్బాయి నువ్వేనా? కాలు బాగోని కుర్రాడు నీకే ఉంచమన్నాడయ్యా."
సూది అబ్బాయి. నత్తోడని చెప్పలేదన్నమాట.
కూర్చున్నా. రేపల్లె దాకా తలెత్తలేదు.

జూలై 12
తువ్వాలు వేశా. ప్రసాద్ వెనక పెట్టె ఎక్కాడు.
"రావేంట్రా?" అన్నారు పేకాటోళ్లు. తల అడ్డంగా ఊపా. "అబ్బో, నత్తికి కోపం కూడానా!"

జూలై 13
ప్రసాద్ ఇవాళా వెనక పెట్టే. ఈ పెట్టెలో ఇంతమంది. ఒక్కరితోనూ మాట లేదు.

జూలై 15, సోమవారం
గళ్ల తువ్వాలు ఇంకా నా దగ్గరే. ఉతికా. సారీ అని కాగితం మీద రాశా. ఆరుతో మానేసిన చదువు, అక్షరాలన్నీ వంకర. చింపేశా. నోటితోనే చెప్పాలి. నవ్వింది నోటితోనే కదా.

జూలై 16
భట్టిప్రోలులో దిగి వెనక పెట్టెకి పరిగెత్తా. ప్రసాద్ కిటికీ పక్కన. తన పక్క సీటులో సంచి. తువ్వాలు ఇచ్చా, తీసుకున్నాడు.
"మొ... మొన్న..."
అక్కడే ఆగిపోయింది. మిగతాది తను చెప్పెయ్యలేదు. కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. సంచి మాత్రం తియ్యలేదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డా. వేమూరు పోయింది. తెనాలి వచ్చేసింది.
సంచి భుజానికి తగిలించుకుని లేచాడు.
"రేపు చెప్పు."
కుంటుతూ మెల్లగానే వెళ్లాడు. అయినా అడగలేకపోయా... రేపు తువ్వాలు ఏ పెట్టెలో వెయ్యాలో.