నొక్కితే పలకని బొమ్మలు

ఆత్రేయపురం

బావగారికి, దొరబాబు దణ్ణాలు.

ఫోను చేస్తే మీరు ఎత్తరు, ఎత్తితే నేను తిట్టేస్తాను. అందుకని కాగితం. ఇక్కడ ఎర్రయ్యగారింట్లో పూతరేకుల డబ్బాలకి లేబుళ్లు కొడుతున్నాను. రాజోలులో మీ ప్రింటింగు షాపుకి ఇక రాను.

కొత్త కంప్యూటరు తెచ్చినందుకు కోపం లేదు. దాన్ని పసిపిల్లల బడిలా చేశారు చూడండి, దానికి ఒళ్లు మండింది. తెరనిండా నొక్కడానికి తాటికాయలంత బొమ్మలు. ఏది చెరపబోయినా ‘నిజంగా చెరిపేయమంటారా?’ అని రెండేసిసార్లు అడుగుతుంది. నామీద అక్కకి కూడా అంత అనుమానం లేదు. నా పాత టైపుమిషను కీబోర్డు తీసేసి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది పెట్టారు. పదో తరగతి తప్పినవాణ్ణి, నా చదువంతా ఈ వేళ్లలోనే ఉంది. మౌసు ముట్టుకోకుండా, పెళ్లివారు కాఫీ తాగేలోగా శుభలేఖ చేతిలో పెట్టేవాణ్ణి కదా! రోజూ పొద్దున్నే నా పద్ధతికి మార్చుకునేవాణ్ణి. మర్నాటికి మళ్లీ బొమ్మలే. అడిగితే, “కొత్తవాళ్లకి తేలిగ్గా ఉండాలి కదరా” అన్నారు. ఎవరండీ ఆ కొత్తవాళ్లు? తక్కువ జీతానికి ఎవర్నో తెచ్చి నన్ను సాగనంపుతారన్నమాట.

అందుకే ఆ పని చేశాను. తెరని ఫొటో తీసి, ఆ ఫొటోనే తెరమీద పరిచి, అసలు బొమ్మల్ని దాచేశాను. మీరొచ్చి నొక్కారు. నొక్కుతూనే ఉన్నారు. దినకార్యం కార్డులకొచ్చిన పెద్దిరాజుగారు కూడా నవ్వేశారు. “ఏంటండీ బావగారూ, బొమ్మలు అలిగేయా?” అన్నాను. మీరు తిట్టలేదు. చెమట తుడుచుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయారు. మన మొదటి కంప్యూటరు మీద ఈ ఆటే నామీద ఆడి, గుట్టు నేర్పింది మీరు కాదూ? ఆమాత్రానికే అలగాలా?

మీకు అక్కర్లేని బావమరిది,
దొరబాబు

రాజోలు

తమ్ముడూ,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. “నేనేనా నేర్పింది?” అని అడిగారు.

అది మతిమరుపు కాదురా, జబ్బట. ఇంకా ముదురుతుందని కాకినాడ డాక్టరుగారు వేసవిలోనే చెప్పేరు. నీకు చెప్పనివ్వలేదు. “తెలిస్తే వాడు నన్ను ఏడిపించడం మానేస్తాడే” అన్నారు.

ఆ కొత్తవాడు ఆయనేరా. ఏ మీట ఎందుకో మర్చిపోతున్నారు. నువ్వు మార్చినవన్నీ, నువ్వు ఇంటికెళ్లాక, కంప్యూటరు అమ్మిన విజయకుమార్‌ని పిలిచి మళ్లీ పెట్టించుకునేవారు. ఒకసారి ఎవరిదో శుభలేఖ చెరిపేసి, ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అందుకే రెండుసార్లు అడిగేలా పెట్టించుకున్నారు. ఆ రోజు బొమ్మలు పలకకపోయేసరికి, తన బుర్ర పూర్తిగా పోయిందనుకున్నారు.

చెప్పులు ఎక్కడ వదిలానే అని అడుగుతూనే ఉన్నారు.

మీ అక్క,
వెంకటదుర్గ

రాజోలు, షాపు

బావగారూ,

షాపు తెరిచాను. మీ బొమ్మలన్నీ ఎక్కడివక్కడ పెట్టేశాను. కంప్యూటరు వేయగానే వచ్చేది మీ తెరే. నా కీబోర్డూ నా మీటలూ వెనకాల వేరే పాస్‌వర్డుతో పెట్టుకున్నాను. తెలిసినవాడు వెతుక్కుని వెళ్తాడు. తెలియనివాడికే అన్నీ ఎదురుగా ఉండాలి. ఇన్నేళ్లు కంప్యూటరు ముందు కూర్చుని ఈ ముక్క నా బుర్రకెక్కలేదు.

ఒక బొమ్మ కొత్తగా చేర్చాను. అది నా ఫొటో, మీసాలు మెలేసి తీయించుకున్నది. నొక్కితే ఏ ఫైలూ తెరుచుకోదు. ప్రింటరు గదిలో గంట మోగుతుంది, నేను వస్తాను. కింద నా పేరు పెట్టలేదు. పేరు గుర్తుండక్కర్లేదు, మీసాలు చూసి నొక్కండి. ఎన్నిసార్లు నొక్కినా వస్తాను. ‘నిజంగా పిలవమంటారా?’ అని అది మిమ్మల్ని అడగదు. అక్కడ మాత్రం ఆ ప్రశ్న తీసేశాను.

ఏడిపించడం మాననండి, ఒట్టు. చెప్పులు తుడిచి గుమ్మంలో పెట్టాను. రండి.

ఇట్లు,
మీసాలాయన